సుత్తితల పురుగు వర్మికంపోస్టు బెడ్ల దాకా పాకుతుందా?

ప్రశ్న: మాది తూర్పు గోదావరి జిల్లాలో చిన్న నర్సరీ. బయటి నుంచి తెచ్చిన కుండీల కింద జానెడు పొడవు, విసనకర్రలాంటి తల, వీపు మీద నల్లటి చారలున్న పురుగు కనిపించింది. పారతో నరికితే రెండు ముక్కలూ కదిలాయి. యాభై గజాల దూరంలో వర్మికంపోస్టు బెడ్లున్నాయి. అక్కడికి ఎన్నాళ్లలో చేరుతుంది? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి అది సుత్తితల పురుగే, అంటే బైపాలియం అనే చదును పురుగు, బహుశా అందులో బైపాలియం క్యూవెన్సే జాతి. వానపాములే దాని తిండి కాబట్టి మీ భయం సబబే.

దానికి కాళ్లు లేవు. జిగురు పరచుకుని, పొట్ట కింది సన్నని నూగుతో దాని మీద జారుతుంది. ఒళ్లు ఆరితే బతకదు. పగలు కుండీ అడుగున దాక్కుని, రాత్రి తడి నేల మీద తిరుగుతుంది. అందుకే ఇన్ని రోజులని లెక్క కట్టలేం. గజాలు కొలవడం కంటే మధ్యలో తడి ఉందేమో చూడండి. ఎండిన గట్టు దాటడం దానికి కష్టం. వరసగా వానలు పడితే, డ్రిప్పు కారుతుంటే మాత్రం దారి దొరికినట్టే.

దూరాలకు దాన్ని మోసేది మనమే. క్యూవెన్సే జాతికి 1878లో పేరు పెట్టింది లండన్ క్యూ తోటల్లో దొరికిన పురుగును చూసి. దాని పుట్టిల్లేమో ఆగ్నేయాసియా. న్యూజిలాండ్ చదును పురుగు సంగతీ అంతే. 1963లో బెల్‌ఫాస్ట్‌లో, 1965లో స్కాట్లాండ్‌లో కనిపించి, 1982 నాటికి అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లోనూ తేలింది. సముద్రాలు పాకి దాటలేదు గదా, మొక్కల వేళ్ల మట్టిలో ప్రయాణం చేసింది.

కాబట్టి ఆ లాట్ కుండీలను ఇంకెక్కడికీ పంపకండి, ఆ మట్టిని బెడ్లలో కలపకండి. కుండీలను నేల మీంచి ఎత్తి ఇటుకల మీద పెట్టండి. రోజూ పొద్దున్నే అడుగుభాగం తిప్పి చూడండి. కనిపించినదాన్ని పుల్లతో తీసి ఉప్పునీళ్ల డబ్బాలో వేయండి. ఉప్పు బెడ్ల మీద చల్లొద్దు. పురుగుమందు పోస్తే ముందు చచ్చేది మీ వానపాములే. ఒట్టి చేత్తో పట్టుకోకండి, పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ విషం దీనిలోనూ ఉందని 2014లో తేలింది.

ఇక పారతో నరకడం ఆపేయండి. తెగిన తోక ముక్కకు వారం పది రోజుల్లో కొత్త తల వస్తుంది. ఆ రోజు నరికిన చోట చుట్టుపక్కల రాళ్లు, ఆకుల చెత్త ఎత్తి ఇవాళే వెతకండి.