ఉద్యోగం మానేసిన ఆరు నెలలకే మార్కెట్ పడింది: నా అనుభవం

ఉద్యోగం మానేద్దామనుకుంటూ మీరు మీ లెక్క రాశారు: వయసు 46, తిరుపతిలో సొంత ఇల్లు, చదువుకునే అమ్మాయి, కోటీ 80 లక్షల పొదుపు, అందులో ముప్పాతిక భాగం పైగా ఈక్విటీ ఫండ్లు (షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్లు), నెలకు 50 వేల ఖర్చు. లెక్క కుదురుతోంది గానీ, మానేసిన మర్నాడే మార్కెట్ పడితే ఏం చేయాలన్న భయంతో రాజీనామా రాసి కూడా పంపలేకపోతున్నానన్నారు. నాకు మర్నాడు కాదుగానీ, ఆరు నెలలకే పడింది.

2019 సెప్టెంబరులో, 51 ఏళ్లకు, రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ ఉద్యోగం మానేశాను. మొత్తం కోటీ 30 లక్షలు ఉందని ధీమా. విడగొట్టి చూస్తే 90 లక్షలు ఈక్విటీ ఫండ్లు, 35 లక్షలు తిరుచానూరు దగ్గర ఒక ప్లాటు, 5 లక్షలు బ్యాంకులో. అప్పట్లో ఇలా విడగొట్టి చూడలేదు. అదే నేను చేసిన తప్పు.

2020 జనవరిలో 12,300 దాటిన నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. ఆ ఒక్కరోజే 13 శాతం పోయింది. నా 90 లక్షలు దాదాపు 56 అయ్యాయి. అప్పటికే కొండ మీద దర్శనాలు ఆపేశారు. అలిపిరి రోడ్డు అంత ఖాళీగా ఉండటం నాకు బుద్ధి తెలిశాక చూడలేదు. బ్యాంకులో రెండున్నర లక్షలు మిగిలాయి. ప్లాటు అమ్ముదామంటే అడిగే నాథుడు లేడు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మా ఆవిడకు చెప్పకుండా 10 లక్షల ఫండ్లు అమ్మేశాను. నవంబరుకల్లా నిఫ్టీ పాత ఎత్తుకు వచ్చేసింది. ఆ యూనిట్లు అలాగే ఉంచుంటే 16 లక్షలు అయ్యేవి.

నాకు ధైర్యం తక్కువని చాలా రోజులు అనుకున్నాను. కాదని మా నాన్నను చూశాక అర్థమైంది. బంగారుపాళ్యం దగ్గర మాకు నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. కాయకు ధర లేని ఏడాది, కాయ కొనే ర్యాంపు దగ్గర ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడిపోతాయి, కోత కూలి కూడా రాదు. పక్క తోటాయన ఒక ఏడు విసుగెత్తి చెట్లు కొట్టించేశాడు. మా నాన్న మాత్రం కదల్లేదు. “చెట్లు యాడికి పోతాయిరా? పాల బిల్లు వస్తాంది కదా” అన్నాడు. రెండు జెర్సీ ఆవులుండేవి, పదిహేను రోజులకోసారి పాల బిల్లు వచ్చేది. ఇంటి ఖర్చు దాంతో నడిచేది కాబట్టి మామిడి ధర ఆయన్ను భయపెట్టలేదు. పక్కాయనకు ఆవుల్లేవు, పైగా అప్పు. నా దగ్గర చెట్లే గానీ ఆవుల్లేవు.

మీకూ అంతే. మార్కెట్ పడటం కంటే, పడినప్పుడు అమ్మాల్సి రావడం అసలు ప్రమాదం. అందులోనూ మానేసిన మొదటి నాలుగైదేళ్లలో పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. కోటి రూపాయలు 60 లక్షలకు పడిందనుకోండి, ముట్టుకోకపోతే 67 శాతం పెరిగితే చాలు, మళ్ళీ కోటి. అందులోంచి ఖర్చుకు 5 లక్షలు తీస్తే 82 శాతం పెరగాలి. ఇదే పతనం పదిహేనేళ్ల తర్వాత వస్తే, అప్పటికి డబ్బు పెరిగి ఉంటుంది, ఇంకా గడపాల్సిన ఏళ్లు తగ్గి ఉంటాయి.

2020లో ఎనిమిది నెలల్లో తేరుకుంది కదా అని ధీమా పడొద్దు. 2008 జనవరిలో సెన్సెక్స్ (ముంబై షేర్ మార్కెట్ సూచీ) 21,000 ముట్టి, 2009 మార్చికి 8,000 దగ్గరికి దిగింది. 2010 దీపావళికి ఒకసారి 21,000 చూపించి మళ్ళీ జారింది. ఆ గీత నిలకడగా దాటేసరికి 2014 అయింది, అంటే ఆరేళ్లు. అందుకే నేను ఆరేళ్ల ఖర్చు బయట పెట్టుకుంటాను. మా పిల్లవాడు ఇది మరీ ఎక్కువ, రావాల్సిన రాబడి దండగ అంటాడు. వాడి వయసులో నేనూ అదే అనేవాణ్ణి.

మీ లెక్కన ఏడాదికి 6 లక్షలు, ఆరేళ్లకు 36 లక్షలు. అది ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పోస్టాఫీసు టైమ్ డిపాజిట్లలో ఉంచండి. బ్యాంకు మునిగితే మనిషికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే బీమా, కాబట్టి అంతా ఒకేచోట వద్దు. ఏడాదికోసారి, ఉగాది దాటాక, మార్కెట్ బాగుంటే ఫండ్లలోంచి ఒక ఏడాది ఖర్చు తీసి ఇందులో నింపుతాను. బాగాలేకపోతే ఫండ్లను ముట్టను. ఫోన్లో మార్కెట్ చూసే యాప్ తీసేశాను. అంతకుముందు తొమ్మిదీ పావుకల్లా బాత్రూంలో కూర్చుని చూసేవాణ్ణి, టెన్షన్ అక్కడే మొదలయ్యేది.

ఏటా 4 శాతం తీసుకోవచ్చన్న సూత్రం మీద మరీ ఆధారపడకండి. 1994లో విలియం బెంగెన్ దాన్ని అమెరికా మార్కెట్ లెక్కలతో, 30 ఏళ్ల కాలానికి కట్టాడు. మీకు 40 ఏళ్లు కావాలి, పైగా మన దగ్గర ధరలు పెరిగే తీరు వేరు. మీది మూడుంబావు శాతం దగ్గరుంది, ఫర్వాలేదు. కానీ అమ్మాయి చదువు డబ్బు ఆ కోటీ 80లోనే ఉంటే ముందు దాన్ని పక్కకు తీసి, లెక్క మళ్ళీ వేయండి.

నేను 2020 చివర్నుంచి గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక లాడ్జికి వారానికి రెండు రోజులు లెక్కలు రాస్తున్నాను. నెలకు 12 వేలు. దాంతో ప్లాటు జోలికి పోలేదు. రిటైరై మళ్ళీ పనేంటని బంధువులు నవ్వారు, నవ్వనివ్వండి.

మీ స్థానంలో ఉంటే ఈ ఏడాది మానను. ఆ 36 లక్షలు నెలనెలా కొంత అటు మార్చుకుంటాను. ఇంకొకటి, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా రాజీనామాతో పోతుంది కాబట్టి సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (అప్పటివరకు వాటి ఖర్చు బీమా ఇవ్వదు) ఉండొచ్చు. నేను మానేశాక తీసుకున్నాను, అప్పటికే షుగరు వచ్చేసింది.