మడ్‌గార్డ్‌కి చిల్లు పెట్టే ముందు

పాలకొల్లు

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

తాతగారి ఆంబాసిడర్‌కి రేడియో పెడుతున్నావని, ఏరియల్ బిగించడానికి డ్రిల్ మిషన్ కూడా తెప్పించావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి పనే. డ్రిల్లు మాత్రం ఇంకా డబ్బాలోంచి తియ్యకు. ఏరియల్ ఖరీదు ఎంతని! మడ్‌గార్డ్‌కి తప్పుచోట చిల్లు పడితే మాత్రం టింకరింగ్, వెల్డింగ్, పెయింటింగ్ అన్నీ ఒకేసారి నెత్తిన పడతాయి. పైగా మీది అమలాపురం. ఆ ఉప్పుగాలికి రంగున్న రేకే నిలవదు, అంచు పచ్చిగా వదిలేసిన రేకు ఎన్నాళ్లుంటుంది?

ముందు బ్యాటరీ చూడు. ఏ టెర్మినల్ వైరు బాడీకి వెళ్తోందో కళ్లారా చూసుకో. ఆంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన బండి. ఆ కాలం ఇంగ్లీషు బళ్లలో బ్యాటరీ ప్లస్‌ని బాడీకి కలపడం, అంటే ప్లస్ ఎర్త్, మామూలే. మీది మార్క్ టూ మోడల్ కాబట్టి అలాగే ఉండొచ్చు, మధ్యలో ఎవరైనా ఎలక్ట్రీషియన్ మార్చి కూడా ఉండొచ్చు. ఇప్పుడు బజార్లో దొరికే రేడియో సెట్లు దాదాపు అన్నీ మైనస్ ఎర్త్‌వే. ప్లస్ ఎర్త్ బండిలో వాటిని పెట్టాలని కొందరు సెట్టు చుట్టూ రబ్బరు షీటు చుట్టి, బాడీకి తగలకుండా బిగిస్తారు. తెలివైన పనిలాగే కనిపిస్తుంది. కానీ ఏరియల్ కేబుల్ పైనున్న తీగల జాలీ ఒక చివర సెట్టు బాడీకి, రెండో చివర మడ్‌గార్డ్‌కి కలిసే ఉంటుంది. సెట్టులో ఏరియల్ ప్లగ్ దూర్చిన క్షణంలో షార్ట్. రబ్బరు చుట్టి లాభమేముంది? బండి ప్లస్ ఎర్త్ అని తేలితే డైనమో పోలారిటీ, అమ్మీటర్, కాయిల్ వైర్లు అన్నీ పద్ధతిగా మార్చగల మనిషి చేత మైనస్‌కి తిప్పించు. అది అయ్యాకే ఏరియల్ సంగతి.

చిల్లు వద్దనుకుంటే తలుపుల పైన వాననీళ్లు జారే గట్టర్ ఉంది చూడు, దానికి క్లాంపుతో బిగించే ఏరియల్స్ ఉంటాయి. క్లాంపు స్క్రూ రంగుని గీసి రేకుని పట్టుకుంటే చాలు, పని చేస్తుంది. అద్దం లోపల అంటించే రకాలు, బంపర్ కింద దాచే రకాలు మీడియం వేవ్‌కి, అంటే ఎఫ్‌ఎమ్ కాని పాత ఆకాశవాణి బ్యాండుకి, పనికిరావని నా లెక్క. కానీ నీ సంగతి నాకు తెలుసు, తాతగారి రోజుల్లోలా మడ్‌గార్డ్ మీదే నిలబడాలంటావు. అయితే విను.

ఎడమవైపు పెట్టు. ఆ పాత పెట్రోల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్గులు, వాటికి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కుడివైపు ఉంటాయి, బానెట్ ఎత్తితే కనిపిస్తాయి. రేడియోలో గరగర పుట్టేది అక్కడే కాబట్టి ఏరియల్ దానికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. పాత స్పీకర్ ఒకటి విప్పి అందులో అయస్కాంతం తీసి, పల్చటి గుడ్డలో చుట్టి మడ్‌గార్డ్ మీద మెల్లగా జరుపు. మంచి రేకున్న చోట టక్కున పట్టుకుంటుంది. ఎక్కడ జారిపోతుందో అక్కడ పుట్టీ ఉన్నట్టే. మన వైపు బళ్లకి ఈ వయసులో పుట్టీ లేకుండా ఉండదు. కొత్త ఏరియల్ పెట్టినా రేడియో పలకడం లేదని మా షెడ్డుకి వచ్చిన బళ్లలో చాలావాటికి బేసు పుట్టీ మీదే కూర్చుని ఉండేది. పుట్టీకి ఎర్త్ ఎక్కడిది?

అయస్కాంతం గట్టిగా పట్టిన చోటు దొరికాక కింద నుంచి చెయ్యి పెట్టి తడిమి చూడు. హెడ్‌లైట్ వైర్లు ఉన్నాయా, ఏరియల్ గొట్టం దిగడానికి లోతుందా, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు తగులుతుందా. అన్నీ కుదిరితే అక్కడ మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించి, సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, 3 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టు. పెద్ద చిల్లుకి హోల్ సా, అంటే డ్రిల్లుకి తగిలించే గుండ్రటి రంపం, వాడు. ఎంత సైజు అన్నది ఏరియల్‌తో వచ్చిన వాషర్‌ని కొలిచి చూసుకో, అన్నిటికీ ఒకటే సైజు ఉండదు. రేకు పొడి అంతా బ్రష్‌తో దులుపు. అది రంగు మీద ఉండిపోతే ఒక్క వానకే ఎర్రచుక్కలు వేస్తుంది.

చిల్లు అంచుకి రెడ్ ఆక్సైడ్ రాయి, పైన రంగు వెయ్యి, ఆరనివ్వు. కింది వైపు మాత్రం ఏరియల్ బేసుని రేకుకి పట్టి ఉంచే పంజా కరిచే చోట, అంత మేరకే, ఎమెరీ పేపర్‌తో తెల్లగా మెరిసేదాకా రుద్దు. రంగు మీద పంజా బిగిస్తే ఎర్త్ రాదు. రేకు బయటపెట్టి వదిలేస్తే తుప్పు. రెండూ కుదరాలంటే గట్టిగా బిగించాక ఆ చోటంతా గ్రీజు గానీ వాజలైన్ గానీ దట్టంగా పూసెయ్యాలి. బిగించక ముందు కాదు, బిగించాక. సఖినేటిపల్లి రేవులో పంటు మీద (బళ్లని గోదారి దాటించే పడవ) బండి ఎక్కించి నరసాపురం వచ్చేటప్పుడు కింద నుంచి కొట్టే తడి నేరుగా అక్కడికే వెళ్తుంది. ఏడాదికోసారి, వానల ముందు, ఆ గ్రీజు తుడిచి మళ్లీ పూయి.

ఇప్పుడు మల్టీమీటర్ తీసుకో. ఏరియల్ కొస నుంచి కేబుల్ చివరి ప్లగ్ మధ్య పిన్నుకి దాదాపు సున్నా ఓములు చూపించాలి. మధ్య పిన్నుకి, ప్లగ్ బయటి రింగుకి మధ్య అసలు కలవకూడదు. ఏరియల్ బేసు నుంచి బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కి ఒక ఓము లోపే ఉండాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే ఏరియల్ పని అయినట్టే.

కేబుల్ లోపలికి వచ్చే చోట, చిల్లు అంచుకి తొడిగే రబ్బరు రింగు, గ్రోమెట్, తప్పనిసరి. చిల్లులో దూరే ముందు కేబుల్ కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, అప్పుడు నీళ్లు అక్కడే కారిపోతాయి, సెట్టులోకి పాకవు. పొడవు చాలలేదని టీవీ కేబుల్ ముక్క అతకొద్దు. కారు ఏరియల్ కేబుల్ లోపల సన్నటి తీగ, చుట్టూ గాలి ఖాళీ ఉంటాయి, అది వేరే జాతి. టీవీ కేబుల్ కలిపితే మీడియం వేవ్ అందులోనే సగం చచ్చిపోతుంది.

గరగర వస్తే కంగారుపడకు. ఇంజిన్ నడుస్తుండగా సెట్టు వెనక ఏరియల్ ప్లగ్ లాగి చూడు. గరగర ఆగితే అది ఏరియల్ దారిన వస్తోంది, ఆగకపోతే కరెంటు వైరు దారిన. టకటకమని ఇంజిన్ స్పీడుతో పాటు పెరిగేది ఇగ్నిషన్‌ది, కుయ్‌మని సాగేది డైనమోది. ఇగ్నిషన్‌కి రెసిస్టెన్స్ ఉన్న ప్లగ్ వైర్లు వేయించు, ఇగ్నిషన్ కాయిల్‌కి గరగరని అణిచే ఒక మైక్రోఫారడ్ సప్రెసర్ కండెన్సర్ పెట్టించు. అది స్విచ్ నుంచి వచ్చే టెర్మినల్‌కే. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల వైపు పెడితే స్పార్క్ దెబ్బతింటుంది. డైనమోకి అయితే లావు వైరున్న డి టెర్మినల్‌కి, ఎఫ్‌కి కాదు. బానెట్ కీళ్లు రంగుపట్టి, తుప్పుపట్టి ఉంటాయి కాబట్టి బానెట్‌కీ బాడీకీ ఒక అల్లిన ఎర్త్ పట్టీ కట్టు. చవకైన పని, చాలామంది వదిలేస్తారు. ఇవన్నీ చూసుకునేటప్పుడు 11 కేవీ కరెంటు లైను కింద నిలబడి చూడకు, కాలవగట్టు మీద ఖాళీ జాగాలోకి తీసుకెళ్లు.

పాత సెట్టు దొరికితే ఏరియల్ ప్లగ్ దగ్గరే ట్రిమ్మర్ అని చిన్న స్క్రూ ఉంటుంది. ఏరియల్ పూర్తిగా లాగి, 1400 కిలోహెర్ట్జ్ దగ్గర్లో నీరసంగా వినిపించే స్టేషన్ ఏదైనా పట్టి, శబ్దం బాగా పెరిగేదాకా ఆ స్క్రూ మెల్లగా తిప్పు. రాత్రిపూట అయితే దూరం స్టేషన్లు దొరుకుతాయి. ఎఫ్‌ఎమ్ వినాలంటే ఏరియల్ 75 సెంటీమీటర్ల దాకా చాలు. మీడియం వేవ్‌కి మాత్రం ఎంత పొడవుంటే అంత లాగు, నిలువుగా ఉంచు. తడినేల మీద మీడియం వేవ్ బాగా పాకుతుంది. అందుకే మన డెల్టాలో 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చే విజయవాడ స్టేషన్ అంత శుభ్రంగా వినిపించేది. తాతగారు భక్తిరంజని వింటూ చించినాడ రేవుకి వెళ్లేవారు. ఆ రోజుల్లో రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కూడా కట్టాలి, ఆ పుస్తకం మీ అటక మీద ఎక్కడో ఉండాలి, వెతుకు.

పెళ్లికి బండి అడిగితే ఇవ్వు గానీ ఏరియల్‌కి రిబ్బన్లు, దండలు కట్టనివ్వకు. కొబ్బరిచెట్టు కింద బండి పెట్టకు, ఇది నీకు చెప్పక్కర్లేదు. ఏరియల్ గొట్టాలకి గ్రీజు పూస్తే ఇసక పట్టి ఇరుక్కుంటాయి. గుడ్డతో తుడిచి, ఒక చుక్క పల్చటి నూనె రాస్తే సరిపోతుంది.

సెట్టు ఇంకా కొనలేదు కదా? కొనేటప్పుడు ఎఫ్‌ఎమ్ ఒక్కటే కాకుండా మీడియం వేవ్ ఉందో లేదో అడుగు. డిజిటల్ ట్యూనింగ్ సెట్టయితే 9 కిలోహెర్ట్జ్ అడుగులు వేస్తుందో లేదో షాపులోనే తిప్పి చూడు. అమెరికా కోసం చేసినవి పదేసి చొప్పున దూకుతాయి, 830 తర్వాత 840కి పోతాయి, విజయవాడ మధ్యలో ఉండిపోతుంది. కొన్నిటికి వెనకాల దాన్ని మార్చుకునే స్విచ్ ఉంటుంది. అది లేకపోతే ఆ సెట్టు వద్దు.

హోల్ సా నా దగ్గర ఉంది, కొనకు. ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

మీ మామయ్య