షోకి డబ్బిచ్చినంత మాత్రాన వీడియో అమ్ముకోవచ్చా?

ప్రశ్న: నేను స్టాండప్ కామెడీ చేస్తుంటాను. రెండేళ్ల కిందట ఒక ఈవెంట్ సంస్థ పిలిస్తే గంటన్నర షో చేశాను. పారితోషికం ముట్టింది. ఒప్పందమంటూ ఏమీ రాసుకోలేదు. "మూడు కెమెరాలు పెడుతున్నాం" అని వాట్సాప్‌లో చెబితే "సరే" అన్నాను. ఇప్పుడు దాన్ని గంటకు కుదించి డీవీడీగా తెచ్చారు, ఆన్‌లైన్‌లో అద్దెకూ పెట్టారు. అడిగితే "డబ్బులిచ్చాం, కెమెరాలు మావి, వీడియో మాది" అంటున్నారు. ఆ జోకులతోనే నేనింకా షోలు చేస్తున్నాను. అమ్మకం ఆపించగలనా?

జవాబు: వాళ్ల మాటలో కొంత నిజముంది. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం దృశ్యాల రికార్డింగ్ ఏదైనా సినిమాటోగ్రాఫ్ ఫిల్మే. దాన్ని తీయడానికి పూనుకుని బాధ్యత తీసుకున్నవారే నిర్మాత, మామూలుగా వారే దాని తొలి యజమాని. ఆ మేరకు వీడియో వాళ్లదే. కానీ దాని లోపల ఇంకో రెండు హక్కులున్నాయి. ఆ రెండూ మీవి.

ఒకటి స్క్రిప్టు మీద హక్కు. జోకులు కాగితం మీదో ఫోన్ నోట్స్‌లోనో రాసుకుని ఉంటే అది సాహిత్య రచన కిందికి వస్తుంది. ఫిల్మ్ మీద నిర్మాతకున్న హక్కు, అందులో వాడిన రచన మీద ఉన్న విడి హక్కును తాకదని సెక్షన్ 13(4) చెబుతోంది. ఆ హక్కు బదిలీ కావాలంటే సెక్షన్ 19 కింద మీ సంతకంతో కాగితం ఉండాలి. ఐడియాకు మాత్రం రక్షణ లేదు. అత్తగారి మీద జోకు ఎవరైనా వేసుకోవచ్చు, మీరు అల్లిన మాటలూ వాటి వరుసా మాత్రమే మీ సొత్తు.

రెండోది ప్రదర్శకుడి హక్కు. ఇది 1994 సవరణతో వచ్చి 2012లో బలపడింది. ప్రదర్శకుడి నిర్వచనంలో నటులు, గాయకులతోపాటు గారడీవాళ్లూ పాములాడించేవాళ్లూ ఉన్నారు గానీ స్టాండప్ అనే మాట లేదు. "ప్రదర్శన ఇచ్చే మరే వ్యక్తి అయినా" అన్నచోట మీరు ఇమిడిపోతారు. సెక్షన్ 38ఏ కింద మీ ప్రదర్శనను రికార్డు చేయడం, కాపీలు తీయడం, అమ్మడం, అద్దెకివ్వడం మీకు మాత్రమే ఉన్న హక్కులు, ఇవి 50 ఏళ్లు ఉంటాయి. ప్రేక్షకులతో అప్పటికప్పుడు మాట్లాడుతూ పుట్టించిన జోకులు ముందు రాసుకున్నవి కాకపోయినా ఈ హక్కు వాటినీ కాపాడుతుంది.

చిక్కల్లా ఆ "సరే" దగ్గరే. ప్రదర్శనను ఫిల్మ్‌లో చేర్చడానికి రాతపూర్వక ఒప్పందంతో సమ్మతిస్తే, వేరే షరతు లేనప్పుడు, ఆ ఫిల్మ్‌ను నిర్మాత వాడుకోవడాన్ని ప్రదర్శకుడు అడ్డుకోలేడని 38ఏ(2) అంటోంది. ఎలక్ట్రానిక్ సందేశాలతోనూ ఒప్పందం కుదురుతుంది కాబట్టి వాళ్ల లాయర్ ఆ చాట్‌నే ముందు పెడతారు. అది నిలవడం కష్టమని నా అభిప్రాయం. కెమెరాలు పెట్టుకోమనడం వేరు, డిస్కు చేసి అమ్ముకోమనడం వేరు. అయినా చాట్ మొత్తం ఇంకోసారి చదవండి. "తర్వాత రిలీజ్ చేద్దాం" అని వాళ్లంటే మీరు సరేనన్నట్టు బొటనవేలి ఎమోజీ పెట్టి ఉంటే, ఆపించడం మీద ఆశ తగ్గించుకుని డబ్బు మీద దృష్టి పెట్టాలి. వాణిజ్యంగా వాడుకుంటే ప్రదర్శకుడికి రాయల్టీ రావాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. షో పారితోషికంలో అది కలిసిపోయిందని వాళ్లు చెప్పుకోవాలంటే కాగితం చూపించాలి.

"స్క్రిప్టు హక్కులూ మాకిచ్చేశాడు" అని అడ్డం తిరిగినా భయపడకండి. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అది 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే చెల్లుతుంది. అన్నిటికన్నా మీకు పనికొచ్చేది 19(4): బదిలీ అయిన హక్కును ఏడాదిలోపు వాడకపోతే, పత్రంలో వేరేగా లేనప్పుడు, ఆ బదిలీ రద్దయినట్టే. వాళ్లు రెండేళ్లు కూర్చున్నారు.

ఎడిటింగ్ సంగతి. మీ పేరు వేయించుకునే హక్కు, ప్రతిష్ఠకు భంగం కలిగించే వక్రీకరణను అడ్డుకునే హక్కు 38బి ఇస్తోంది. నిడివి కోసం కత్తిరించడం మాత్రం దీనికిందికి రాదు. "నా మంచి జోకులన్నీ తీసేశారు" అంటే కోర్టు వినదు. ఒక కులాన్ని తక్కువ చేసి మాట్లాడే పాత్రను మీరు వెక్కిరించారనుకోండి. అది పాత్ర అని చెప్పే వాక్యం ఎగిరిపోయి, ఆ మాటలు మీవైనట్టు మిగిలితే అది గట్టి కేసు. అలాంటి చోట్లు ఏ నిమిషంలో ఏ సెకనుకు ఉన్నాయో రాసిపెట్టుకోండి. చప్పబడిన జోకుకు వేరేచోటి నవ్వులు అతికించారన్న ఫిర్యాదు వద్దు, దానివల్ల మీ ప్రతిష్ఠకు వచ్చిన లోటేమీ లేదు.

నోటీసు ఇవ్వకముందే బిల్లుతో ఒక డిస్కు కొనండి. అట్ట వెనక చూడండి. వీడియో తయారుచేసినవారి పేరు, చిరునామా, కాపీరైట్ యజమాని వివరాలు, యజమాని అనుమతి పొందామన్న ప్రకటన డిస్కులోనూ అట్ట మీదా ఉండాలని సెక్షన్ 52ఏ నియమం. సర్టిఫికెట్ అవసరమైన వీడియోకు సెన్సార్ సర్టిఫికెట్ కాపీ కూడా ఉండాలి. ఇవి లేకుండా విడుదల చేస్తే 68ఏ కింద 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా. అనుమతి పొందామని అచ్చువేసి ఉంటే మరీ మంచిది, ఎవరి అనుమతో వాళ్లే చెప్పాలి. ఆన్‌లైన్ పేజీల స్క్రీన్‌షాట్లు లింకు, తేదీతో సహా తీయండి. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయండి, ఆ ఫోన్ మార్చకండి. కోర్టులో వీటితోపాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువీకరణ, అంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ పెట్టాలి. స్క్రిప్టు పాత ప్రతులను తేదీలతో తీసిపెట్టండి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఆన్‌లైన్‌లో పెట్టింది ఎవరి వీడియో వాళ్లే అప్‌లోడ్ చేసుకునే తరహా ప్లాట్‌ఫామ్ అయితే 2013 కాపీరైట్ రూల్స్‌లోని రూల్ 75 కింద రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. 36 గంటల్లో ప్లాట్‌ఫామ్ ఆ వీడియోను ఆపాలి. అయితే 21 రోజుల్లోపు మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ పెట్టేయవచ్చు. అందుకే దావా కాగితాలు సిద్ధమయ్యాకే ఫిర్యాదు పంపాలి. చాలామంది ఇక్కడే తొందరపడి ఆ 21 రోజులూ లాయర్‌ను వెతకడంలో గడిపేస్తారు. సెక్షన్ 62 కింద దావా మీరుండే చోటే వేయవచ్చు. అత్యవసర ఇంజంక్షన్ (అమ్మకం ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడిగితే దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లక్కర్లేదు గానీ, విడుదల సంగతి తెలిసీ నెలలు గడిపితే ఆ అత్యవసరం ఎవరూ నమ్మరు. నోటీసులో జైలు బెదిరింపులు రాయకండి. ఆధారం లేని బెదిరింపు అంటూ వాళ్లే సెక్షన్ 60 కింద మీ మీదికి రావచ్చు.

రాజీకి వస్తే మీకు అన్నిటికన్నా విలువైనది తేదీ. ఆ జోకులతో మీ టూర్ పూర్తయ్యేదాకా అమ్మకం ఆపమనండి. వాటా మొత్తం వసూళ్ల మీద అడగండి, "నికర లాభం" మీద వద్దు, ఖర్చులు రాసేది వాళ్లే. డిస్కు, డౌన్‌లోడ్, ఓటీటీ, చిన్న క్లిప్పులు ఒక్కొక్కటీ విడిగా పేర్కొనాలి. మీరు వేదిక ఎక్కేటప్పుడు మోగిన సినిమా పాట వీడియోలో వినిపిస్తుంటే, హాల్లో వేసుకోవడానికి తీసుకున్న లైసెన్సు దానికి చాలదు. పాట హక్కుదారుల నుంచి వచ్చే క్లెయిములన్నీ సంస్థే భరించాలని రాయించుకున్నాకే సంతకం పెట్టండి.