ఊరికి కాదు, పొరుగూరికి: లక్సెంబర్గ్ టీవీ సంగతులు

ప్ర: జర్మనీలో ఉన్న మా అబ్బాయి ఇంట్లో ఆర్‌టీఎల్ చానెల్ చూస్తారు. అందులో 'ఎల్' అంటే లక్సెంబర్గ్ అట. అంత చిన్న దేశపు పేరు జర్మన్ చానెల్‌కి ఎలా అంటుకుంది?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జ: నిజమేనండీ, రేడియో టెలివిజన్ లక్సెంబర్గ్. టీవీ వచ్చిన 1955లో కూడా ఆ దేశ జనాభా మూడు లక్షల పైచిలుకే. అంతమందికి ప్రకటనలిచ్చి రేడియో, టీవీ నడపడం జరిగే పని కాదు, ప్రభుత్వమే పెడదామంటే ఖజానా చాలదు. అందుకే టీవీ రాకముందే, 1929 డిసెంబరు 19 నాటి చట్టంతో, ప్రసార హక్కును కంపెనీకిచ్చి రుసుం, పన్ను వసూలు చేసుకునే దారి పట్టారు. ఫ్రెంచి, బెల్జియన్ల పెట్టుబడితో 1931లో పుట్టిన కంపెనీ 1933లో రేడియో మొదలెట్టింది. 1954లో సీఎల్‌టీ అని పేరు మార్చుకుని, 1955 జనవరి 23న టెలీ-లక్సెంబర్గ్ పేరుతో టీవీ ప్రసారాలకు దిగింది.

భాష ఫ్రెంచి, గురి సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లోని లొరేన్ ప్రాంతం, బెల్జియం ఇళ్ల మీద. ఫ్రాన్స్ టీవీలో కంపెనీ ప్రకటనలు 1968 అక్టోబరు దాకా లేవు మరి. మనవాళ్లకు ఈ కిటుకు కొత్తేం కాదు: 1967లో వివిధ భారతి ప్రకటనలు మొదలయ్యేదాకా రేడియో సిలోన్ చేసిందీ ఇదే. కాకపోతే అది సర్కారీ సంస్థ.

జర్మన్ల వంతు 1984 జనవరి 2న వచ్చింది. లక్సెంబర్గ్ నుంచే 'ఆర్‌టీఎల్ ప్లుస్' మొదలైంది. దాని వార్తలు ఏడింటికి ఏడు నిమిషాల ముందు వచ్చేవి, పేరు కూడా అదే. 1988లో చానెల్ జర్మనీలోని కొలోన్‌కి మకాం మార్చింది, పేరు మాత్రం మిగిలిపోయింది.

ప్ర: టెలీ-లక్సెంబర్గ్ 819 గీతల బొమ్మ ఇచ్చేదని చదివాను. మన పాత దూరదర్శన్‌ది 625 గీతలే కదా. అంటే వాళ్ల బొమ్మే మెరుగా?
– ఒక టీవీ మెకానిక్, ఖమ్మం

జ: పాత టీవీ తెర మీద బొమ్మను ఒకదాని కింద ఒకటిగా అడ్డగీతలతో గీసేవారు. పై నుంచి కిందికి చూస్తే మెరుగే, అడ్డంగా చూస్తే మసక. లెక్క వేసి చూడండి. 819ని సెకనుకు 25 ఫ్రేములతో గుణిస్తే 20,475 గీతలు, అంటే ఒక్కో గీతకు దాదాపు 48.8 మైక్రోసెకన్లు. ఫ్రాన్స్ తన 819కి 14 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానెల్ (సిగ్నల్ పోయే దారి) కేటాయించి, బొమ్మకు దాదాపు 10 మెగాహెర్ట్జ్ వదిలింది. బెల్జియం, లక్సెంబర్గ్‌లు అవే 819 గీతలను 7 మెగాహెర్ట్జ్ చానెల్లో కుక్కాయి, బొమ్మకు దక్కింది 5. ఐదు మెగాహెర్ట్జ్‌ని 20,475తో భాగిస్తే గీతకు 244 నలుపు-తెలుపు జతలు. అదే 5 మెగాహెర్ట్జ్ 625 గీతల పద్ధతిలో (సెకనుకు 15,625 గీతలు) 320 జతలిస్తుంది. రెండు సందర్భాల్లోనూ తెర మీద గీతలు గీసే కిరణం వెనక్కి మళ్లే సమయం ఇందులోనే పోతుందనుకోండి. గీతలు పెంచి గీతలోని వివరాన్ని కోసుకున్నారన్నమాట. మా దృష్టిలో అది నష్టపు బేరమే.

మీ వృత్తికి పనికొచ్చే ముచ్చట అసలిక్కడుంది. పశ్చిమ జర్మనీ సెట్టుకి ఈ లక్సెంబర్గ్ సిగ్నల్ ఇస్తే మూడు చోట్ల తేడా కొట్టేది. గీతల వేగం కలవక బొమ్మ చీలికలయ్యేది. లక్సెంబర్గ్‌లో తెలుపుకి సిగ్నల్ బలం పెరిగేది, జర్మనీలో నలుపుకి పెరిగేది, కాబట్టి నెగటివ్ ఫొటోలా తిరగబడేది. శబ్దం లక్సెంబర్గ్‌లో ఏఎం, జర్మనీలో ఎఫ్‌ఎం. ఫ్రెంచి సెట్టుకైతే గీతల వేగం కుదిరేది గానీ మాట వినబడేది కాదు: ఫ్రాన్స్‌లో బొమ్మకీ శబ్దానికీ ఎడం 11.15 మెగాహెర్ట్జ్, లక్సెంబర్గ్‌లో 5.5. బెల్జియంలో తమవీ పొరుగు దేశాలవీ కలిపి నాలుగు పద్ధతులకూ పనికొచ్చే సెట్లు అమ్మింది ఈ బాధ పడలేకే. తెలుపే గరిష్ఠ బలం కావడంతో, వీధిలో మోటారు సైకిల్ పోతే దాని స్పార్కు తెర మీద తెల్లటి చుక్కలై రాలేది.

1971లో లక్సెంబర్గ్ 819ని వదిలేసింది.

ప్ర: మరి లక్సెంబర్గ్ వాళ్ల సొంత భాషలో కార్యక్రమాలు లేవా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జ: 1969 దాకా చెప్పుకోదగ్గవి లేవు. అప్పుడు ఆదివారాల్లో 'హై ఏలై, కుక్ ఏలై' వచ్చింది. 'ఇక్కడే, ఇటు చూడు' అని అర్థం. వారానికి ఒక్కసారి! రోజువారీ లక్సెంబర్గీ ప్రసారం 1991 అక్టోబరు 21న గానీ మొదలవలేదు, అంటే స్టేషన్ పెట్టిన ముప్పయ్యారేళ్లకు. ఖర్చు పెట్టేది ప్రకటనకర్తలు, వాళ్ల కొనుగోలుదారులు సరిహద్దు అవతల ఉన్నారు, అంతే సంగతి.

ప్ర: లక్సెంబర్గ్‌లోని డూడెలాంజ్ టీవీ టవర్‌ని విమానం ఢీకొందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జ: నిజమే. 1981 జూలై 31న బెల్జియం వైమానిక దళపు మిరాజ్ యుద్ధవిమానం ఢీకొని పై భాగం కూలింది, ప్రాణాలూ పోయాయి. అది 285 మీటర్ల టవరు. సీఎల్‌టీకి ఆ ఎత్తు సరదా కాదు: ఈ తరంగాలు దాదాపు చూపు మేరకే పోతాయి, పొరుగు దేశం ఇళ్లకు చేరాలంటే అంత ఎత్తు తప్పదు. ఆ తర్వాత 1988 డిసెంబరు 11న ఎగిరిన ఆస్ట్రా 1ఎ ఉపగ్రహం 16 ట్రాన్స్‌పాండర్లతో (సిగ్నల్‌ని అందుకుని తిరిగి నేలకు పంపే పరికరాలు), ఇంటి మీద 60 సెంటీమీటర్ల డిష్‌తో ఆ పని చేసిపెట్టింది. దాన్ని నడిపిన ఎస్‌ఈఎస్ కంపెనీదీ లక్సెంబర్గే.