చిత్తూరు అమ్మాయికి, జానకి అమ్మాళ్ వ్యాసం గురించి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్‌ను ‘ధీరవనిత’, ‘అద్వితీయ’ అంటూ ఆకాశానికెత్తేశావు. ఆమె చేసిన పనేమిటో మూడో పేజీదాకా చెప్పలేదు. చెప్పినదీ ఒక్క వాక్యం: మన చెరుకును తీపి చేసింది ఆమేనని. అది కొట్టేయి. కోయంబత్తూరు చెరుకు కేంద్రం నుంచి ‘కో 205’ రకం 1918లోనే వచ్చింది; ఆమె అక్కడ చేరింది 1934లో. ఆమెకు అరువు కిరీటం అక్కర్లేదు.

ఆమె కణంలోకి చూసింది. చెరుకువి, దాని అడవి చుట్టమైన రెల్లువి క్రోమోజోములు, అంటే కణంలో వంశలక్షణాలు మోసే పోగులు, లెక్కపెట్టింది. చెరుకును మొక్కజొన్నతో సైతం సంకరం చేసింది. ఆ లెక్క ఎంత కష్టమో నీకు తెలియాలి కదా, బాటనీ చదివినదానివి! ఉల్లి వేరు కొన కోసి, స్లైడు మీద పెట్టి, ఎసిటోకార్మిన్ రంగు చుక్క వేసి, పైన కవర్‌స్లిప్ అనే పల్చని గాజు బిళ్ల ఉంచి బొటనవేలితో అదిమి ఉంటావు. వేలు కాస్త పక్కకు జారిందా, అంతా నుజ్జు. ఉల్లిలో ఉన్నవి 16 క్రోమోజోములే. అసలు తీపి చెరుకు జాతిలో 80. అవీ చిన్నవి, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. రెల్లులోనైతే మొక్క ఏ ప్రాంతానిదన్న దాన్ని బట్టి 40 నుంచి 128 దాకా మారుతుంది. సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న ఆ మనిషిని చూపించు. విశేషణాలు వాటంతట అవే రాలిపోతాయి.

రెల్లుతో ఏం పని అని పాఠకుడు అడుగుతాడు. దానిలో పెద్దగా తీపి లేదు. తెగుళ్లను, నీటి ఎద్దడిని ఓర్చుకునే మొండితనం ఉంది. చెరుకు సంకరాల్లో వెతికేది దాన్నే. స్వర్ణముఖి ఒడ్డున రెల్లు చూసిరా, మీ బెల్లం మండీలో రైతులతో మాట్లాడు. ఈ పేరా నువ్వు రాసినట్టు ఇంకొకరు రాయలేరు.

కేరళలోని తలశ్శేరిలో పుట్టడం, అమెరికాలోని మిషిగన్‌లో 1931 నాటి డాక్టరేటు రెండు వాక్యాల్లో తేల్చేయి. 1945లో బ్రిటిష్ శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి తెచ్చిన క్రోమోజోముల అట్లాస్‌ను మాత్రం వదలకు. సాగు మొక్కల క్రోమోజోముల సంఖ్యలన్నీ ఒకచోట చేర్చిన పుస్తకమది. నీ వ్యాసంలో దాని ఊసే లేదు, ఆమెను స్వదేశానికి రమ్మన్న నెహ్రూ పిలుపు గురించి మాత్రం పేజీన్నర!

తిరగరాసి పంపు. నాలుగు పేజీలు దాటితే చదవను.