దొంగ నోటితోనే చెప్పించు

నాయనా,

నీ నవల మొదటి అధ్యాయం అందింది. పోటీకి వచ్చిన ఒక పిల్ల కథను జడ్జీగారే తన పేరుతో అచ్చేయించుకోవడం బాగుంది. కానీ మొదటి పేజీలోనే వాణ్ణి దొంగని తిట్టేశావు. ఇక చదివేవాడికి పనేముంది? కథ వాడి నోటితోనే చెప్పించు. దొంగతనం చేశానని వాడు ఒక్కసారీ అనుకోకూడదు. మొదట అచ్చుతప్పులు దిద్దుతాడు. తర్వాత ముగింపు మారుస్తాడు. ఇంత కష్టపడ్డాక పేరు మాత్రం ఆమెదెందుకు అనుకుంటాడు. ఈ మెట్ల దగ్గర తొందరపడొద్దు.

వాడికి మంచి సాకులు ఇవ్వు. మన కడపలో వాటికి కరువు లేదు. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీ మెట్ల మీద కూర్చుని వాడు ఇలా వాదించాలి: "బ్రౌన్ దొర 1829లో వేసిన వేమన పుస్తకంలో 693 పద్యాలు. 1839లో 1164. చివర 'వినుర వేమ' అని తగిలించి ఎంతమంది తమ పద్యాలు వేమన ఖాతాలో వేశారో! వాళ్లు పేరు వదులుకున్నారు, నేను తీసుకున్నాను. చెల్లుకు చెల్లు." ముక్కు తిమ్మన పద్యాన్ని రామరాజభూషణుడు కొనుక్కుని వసుచరిత్రలో పెట్టుకున్నాడన్న కథ కూడా చెబుతాడు. "ఆయన కొన్నాడు, నువ్వు రూపాయైనా ఇచ్చావా?" అని పెళ్లాం అడగాలి. ఊహకు కాపీరైట్ లేదు, రాసిన తీరుకే ఉందన్న వకీలు మాట ఒక్క పేరాలో తేల్చెయ్.

ఫేస్‌బుక్ గొడవలో అందరినీ మూర్ఖుల్ని చేయొద్దు. రెండు కథల పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించిన మొదటివాడు న్యాయంగానే మాట్లాడాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లే రెండూ చదవలేదు. మూడో రోజుకి ఒకడు జడ్జీ కులం వెతుకుతాడు, ఇంకొకడు కడప, అనంతపురం తగాదా తెస్తాడు. రాసిన పిల్ల పేరు ఎవడికీ గుర్తుండదు. నువ్వూ మర్చిపోయేలా ఉన్నావు. ఆ వారమంతా ఆమె ఏం చేస్తోంది? మిషను కుడుతోందా, టెట్‌కి చదువుతోందా? అది రాయి. జడ్జీ క్షమాపణ మాత్రం ఇంకెవరి క్షమాపణో చూసి కాపీ కొట్టినదై ఉండాలి.

నాకూ ఒకసారి ఇలాగే జరిగింది. నా కథ వేరే పేరుతో ఒక పత్రికలో వచ్చింది. ఊరంతా తిరిగి అరిచాను. అందులో నా వాక్యం ఒకటుంది, అందరూ మెచ్చుకున్నది: "వాన మా ఊరి పొలిమేర దాకా వచ్చి, దారి తెలియనట్టు వెనక్కి పోయింది." అరిచి అరిచి ఇంటికొచ్చి పడుకున్నాక గుర్తొచ్చింది. అది నా వాక్యం కాదు. మా వసారాలో శనక్కాయలు ఒలుస్తూ ఒక కూలామె అన్న మాట. ఆమె పేరు కూడా నేను అడగలేదు. మర్నాటి నుంచి గొంతు తగ్గించాను. ఎందుకు తగ్గించానో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

రెండో అధ్యాయం కాగితాల మీద పంపు, ఫోన్‌లో అక్షరాలు ఆనడం లేదు. ఆ శనక్కాయల సంగతి మాత్రం నీ నవలలో వాడొద్దు. అది నేను రాసుకోవాలి.

మీ అయ్యవారు, కడప