పాత పుస్తకంలో మానిక, వీశె అని ఉంటే ఎలా?

ప్రశ్న: మా అత్తగారి ట్రంకుపెట్టెలో అట్ట ఊడిపోయిన పాత వంటల పుస్తకం దొరికిందండీ. అరిసెలకు మానికెడు బియ్యం, అరవీశె బెల్లం అని ఉంది. తులాల లెక్కన ఏదో కట్టి చేస్తే నూనెలో వేయగానే విడిపోయాయి. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: ముందుగా లెక్క చూద్దాం. వీశెకు 40 పలాలు, పలానికి 3 తులాలు, తులమంటే 11.66 గ్రాములు. అంటే అరవీశె బెల్లం 700 గ్రాములు. ఇప్పుడు బంగారం కొట్లో తులం అంటే పది గ్రాములే కాబట్టి చాలామంది అదే వేసేస్తారు, అప్పుడు బెల్లం సరిగ్గా వంద గ్రాములు తగ్గిపోతుంది. మానిక మాత్రం బరువు కాదు, కొలపాత్ర, అది ఊరికో రకంగా ఉండేది. మీరు కిలో బియ్యంతో మొదలుపెట్టండి.

అయితే అరిసెలు విడిపోయింది బెల్లం తగ్గి కాదు, పాకం లేతగా ఉండగానే దించేసి ఉంటారు. పళ్లెంలో కాసిని నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే అది కరగకుండా, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి, అది గట్టిపడి పళ్లేనికి కొడితే చప్పుడయ్యేదాకా ఉంచారంటే అరిసె పళ్లకు పని చెబుతుంది. ఇంకోటి, పుస్తకంలో బియ్యం దంపి జల్లించమని ఉంటుందే తప్ప తడిపిండి అని రాయరు, ఎందుకంటే అప్పటివాళ్లకు అది చెప్పాల్సిన పనే లేదు. బియ్యం ఒక రోజంతా నానాలి, నీళ్లు వాడ్చి తడి ఉండగానే పట్టించాలి, జల్లించిన పిండిని ఆరనివ్వకుండా చేత్తో అదిమి మూతపెట్టాలి. ప్యాకెట్ పిండితో అరిసెలు రావు, ఆ టెన్షన్ పెట్టుకోకండి. పాకంలో పిండంతా ఒకేసారి కుమ్మరించొద్దు, కలుపుతూ పోతే చలిమిడి దగ్గరపడిన చోట ఆపేయండి, కాస్త పిండి మిగిలినా ఫర్వాలేదు.

నిజానికి ఈ పుస్తకాలు వంట వచ్చినవాళ్ల కోసం రాసినవి. మీ అత్తగారు ఉంటే ఆవిడ పక్కన కూర్చుని, పుస్తకంలో రాయనిదేమిటో ఒక్కొక్కటే అడిగి పేజీ అంచున రాసుకోండి. ఏ వంట బ్లాగూ ఇంత పనికిరాదు.

ప్రశ్న: అదే పుస్తకంలో తెలగపిండి, మునగాకు కూర ఉంది. తెలగపిండి అంటే నువ్వుల నూనె తీయగా మిగిలే చెక్కే కదా, పశువుల దాణా కొట్లో దొరికేది వాడొచ్చా?

జవాబు: వద్దండీ. దాణాకని అమ్మేదాన్ని మనుషులు తినేలా శుభ్రంగా నిల్వ చేయరు, ముక్కిపోయి కూడా ఉంటుంది. నువ్వుల నూనె తీసే గానుగ దగ్గరికెళ్లి, కూరకని చెప్పి అదే రోజు ఆడిన తెలగపిండి అడగండి. గోదావరి జిల్లాల్లో బాలింతలకు పాలు పడతాయని పెట్టే కూర ఇది. మునగాకు ఉడుకుతుండగా పిండి చల్లి, నీళ్లు ఇగిరాక వెల్లుల్లి దండిగా దంచి పోపు పెట్టండి. మొదటిసారి గుప్పెడు పిండితోనే చేసి చూడండి, నీళ్లు బాగా పీల్చుకుని రెట్టింపవుతుంది.